స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో మోసం జరుగుతోందని అనుమానం వస్తే ఫిర్యాదు ఎలా చేయాలి

పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పుల సొమ్ము కాజేస్తున్నారన్న మాట కళాశాల క్యాంటీన్లలో వినిపించినంతగా సంక్షేమ శాఖ కార్యాలయాల్లో వినిపించదు. అక్కడిదాకా వెళ్లిన ఫిర్యాదుల్లో కూడా చాలావరకు "ఫలానా కళాశాలలో కోట్ల రూపాయల అవినీతి జరుగుతోంది, తగు విచారణ జరిపించగలరు" అన్న రెండు ముక్కలతో ఆగిపోతాయి. అటువంటి కాగితం అందుకున్న అధికారి చేయగలిగింది ఆ కళాశాలకు ఒక మెమో పంపడం, "ఆరోపణలు నిరాధారం" అని వచ్చిన జవాబును ఫైలులో పెట్టి మూసేయడం. అదే కాగితంలో ఏ కోర్సు, ఏ సంవత్సరం, ఏ తేదీన తరగతిలో ఎంతమంది, మంజూరు జాబితాలో ఎంతమంది అన్న నాలుగు వివరాలు ఉంటే, తనిఖీకి వెళ్లకుండా దాటవేయడం ఆ అధికారికే కష్టమవుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఎవరికి రాయాలన్నదానితో పాటు ఏం రాయాలన్నదానికీ తగినంత చోటు ఇస్తున్నాను.

ఇటువంటి సమాచారం ఎంతదూరం వెళ్లగలదో హిమాచల్ ప్రదేశ్ కేసు చూస్తే తెలుస్తుంది. స్పితి లోయలోని గిరిజన విద్యార్థులకు ఏళ్ల తరబడి స్కాలర్‌షిప్ అందడం లేదన్న సమాచారంతో కదిలిన వ్యవహారం 2019లో సీబీఐ చేతికి వెళ్లి, రూ.250 కోట్లకు పైబడిన కుంభకోణం కేసుగా మారింది. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ స్కాలర్‌షిప్పుల విషయంలో 1,572 విద్యాసంస్థలను పరిశీలింపజేయగా 830 సంస్థలు బోగస్‌వో, పనిచేయనివో అని తేలింది. 2017-18 నుంచి 2021-22 వరకు రూ.144.83 కోట్ల నష్టం జరిగిందన్న లెక్కతో 2023 ఆగస్టులో సీబీఐ కేసు నమోదు చేసింది. లేని బడి, లేని పిల్లవాడు, ఉన్న బ్యాంకు ఖాతా: అక్కడ జరిగింది క్లుప్తంగా ఇదే. మన తెలుగు రాష్ట్రాల్లో పథకాల రూపం వేరైనా అనుమానించవలసిన చోట్లు పెద్దగా మారవు.

మొదట తేల్చుకోవలసింది: అది మోసమా, జాప్యమా

స్కాలర్‌షిప్ రాలేదంటే ఎవరో తినేశారని అనుకోవడం సహజమే గాని, చాలాసార్లు కారణం ప్రభుత్వం నిధులు విడుదల చేయకపోవడమే. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోయి, 2025లో ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించేదాకా పరిస్థితి వెళ్లింది. నిధులు రాలేదు కాబట్టి ముందు మీరే ఫీజు కట్టండని కళాశాల ఒత్తిడి చేయడం, కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వమని బెదిరించడం తప్పే. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకోవడం కూడా తప్పే, కళాశాలలు వాటిని అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే ప్రకటించింది. అయితే ఇవి సంక్షేమ శాఖకు, విశ్వవిద్యాలయానికి, యూజీసీకి, సాంకేతిక కోర్సులైతే వాటిని పర్యవేక్షించే ఏఐసీటీఈకి చెప్పుకోవలసిన సమస్యలు. వీటిని "స్కాలర్‌షిప్ స్కాం" అని రాస్తే అసలు సమస్య కూడా పరిష్కారం కాకుండా పోతుంది.

మోసం అనదగినవి వేరు. చదువు మానేసిన విద్యార్థి పేరును రెన్యువల్‌లో కొనసాగించడం, తరగతికి ఏనాడూ రాని వారికి 75 శాతం హాజరు చూపించడం, యాజమాన్య కోటాలో డబ్బు కట్టి చేరినవారిని కన్వీనర్ కోటాలో చేరినట్టు నమోదు చేయడం, ఉద్యోగం చేసుకుంటున్న వ్యక్తి సర్టిఫికెట్లు తీసుకుని "పరీక్షలకు వస్తే చాలు" అంటూ అడ్మిషన్ ఇవ్వడం, విద్యార్థుల ఏటీఎం కార్డులూ పాస్‌బుక్‌లూ కళాశాల కార్యాలయంలో ఉంచుకోవడం, మంజూరుకు శాతం అడగడం, తప్పుడు కుల లేదా ఆదాయ ధ్రువపత్రంతో లబ్ధి పొందడం ఈ కోవలోకి వస్తాయి.

పైకి జాప్యంలా కనిపించి లోపల మోసంగా ఉండే సందర్భం ఒకటుంది, దాన్ని ప్రత్యేకంగా గమనించాలి. నిధులు రాలేదని విద్యార్థి దగ్గర ఫీజు వసూలు చేసిన కళాశాల, తరువాత అదే విద్యార్థి పేరు మీద అదే సంవత్సరానికి ప్రభుత్వం నుంచి సొమ్ము అందుకుని కూడా తిరిగి ఇవ్వకపోవడం. దీన్ని నిరూపించడానికి రెండే కాగితాలు కావాలి: కళాశాల ఇచ్చిన ఫీజు రసీదు, ఆ సంవత్సరానికి విడుదల అయినట్టు చూపే పోర్టల్ స్టేటస్. నా దృష్టిలో విద్యార్థులు ఎక్కువగా వదిలేసుకుంటున్నదీ, తేలికగా నిలబడేదీ ఈ ఫిర్యాదే. అందుకే రసీదు లేకుండా ఎవరికీ నగదు ఇవ్వకండి, ఇచ్చిన రసీదు చదువు ముగిసినా పారేయకండి.

రెండో పని: మీ పేరు మీద ఏముందో మీరే చూసుకోండి

తెలంగాణ ఈపాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు నంబరు, విద్యా సంవత్సరం, పదో తరగతి హాల్ టికెట్ నంబరు, ఉత్తీర్ణులైన సంవత్సరం, పుట్టిన తేదీ ఇస్తే దరఖాస్తు ఏ దశలో ఉందో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్‌లో విద్యార్థి లాగిన్ ద్వారా చూసుకోవచ్చు, లేదా గ్రామ, వార్డు సచివాలయంలోని వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ను అడగవచ్చు. కేంద్ర పథకాల స్కాలర్‌షిప్ అయితే జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో స్టేటస్ ఉంటుంది, చెల్లింపు ఖాతాకు చేరిందో లేదో ప్రభుత్వ చెల్లింపుల వివరాలు చూపే పీఎఫ్‌ఎంఎస్ వెబ్‌సైట్‌లో విడిగా తెలుసుకునే వీలుంది. కనిపించిన ప్రతి పేజీనీ తేదీ, సమయం పడేలా స్క్రీన్‌షాట్ తీసి, వీలైతే ప్రింటు కూడా తీసి పెట్టుకోండి, ఎందుకంటే ఫిర్యాదు చేసిన తరువాత ఆ వివరాలు మారిపోతే మారాయని చెప్పడానికి మీ దగ్గర అదే ఆధారం.

సొమ్ము ఎవరి ఖాతాలో పడాలో తెలియకుండా ఎక్కడ పోయిందో చెప్పలేము. తెలంగాణలో ట్యూషన్ ఫీజు కళాశాల ఖాతాకు, మెయింటెనెన్స్ ఫీజు, అంటే వాడుకలో మెస్ ఛార్జీలు, విద్యార్థి ఖాతాకు వెళ్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ దారి చాలాసార్లు మారింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకమైన విద్యాదీవెన సొమ్ము 2021 నుంచి తల్లుల ఖాతాల్లో పడింది, తరువాత తల్లీ విద్యార్థీ కలిసి తెరిచిన ఉమ్మడి ఖాతాల్లోకి మారింది, 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కళాశాలలకే చెల్లించే పద్ధతికి వచ్చారు. కనుక మీ సందేహం ఏ విద్యా సంవత్సరానికి సంబంధించిందో ముందుగా స్పష్టం చేసుకుని, ఆ ఏడాది నిబంధన ప్రకారం ఏ ఖాతా చూడాలో ఆ ఖాతా స్టేట్‌మెంటే బ్యాంకు నుంచి తీసుకోండి.

పోర్టల్‌లో "విడుదలైంది" అని ఉండి, మీ ఖాతాలో లేకపోతే వెంటనే దొంగతనమని తీర్మానించకండి. ఆధార్ ఆధారిత చెల్లింపు, మీరు దరఖాస్తులో రాసిన ఖాతాకు కాక, చివరగా ఆధార్ అనుసంధానమైన ఖాతాకు వెళ్తుంది. ఊళ్లో శిబిరం పెట్టినప్పుడో, కొత్త సిమ్ తీసుకున్నప్పుడో తెరిచిన, మీరు మరిచిపోయిన ఖాతా ఒకటి ఉండి ఉండవచ్చు. మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకుతో అనుసంధానం ఉందో తెలుస్తుంది. ఆ బ్యాంకు పేరు మీరెన్నడూ విననిదైతే, ఆ ఖాతా ఎవరు, ఎక్కడ తెరిచారన్నదే మీ ఫిర్యాదులో అసలు ప్రశ్న అవుతుంది. అదే వెబ్‌సైట్‌లో గత 6 నెలల్లో మీ ఆధార్‌ను ఎప్పుడెప్పుడు ధ్రువీకరణకు వాడారో చూపే చరిత్ర కూడా ఉంటుంది. మీరు ఇంట్లో ఉన్న రోజున వేలిముద్రతో ధ్రువీకరణ జరిగినట్టు కనిపిస్తే ఆ పేజీని భద్రపరచి, వేలిముద్రలను లాక్ చేసుకోండి.

మూడో పని: చూసింది చూసినట్టు రాసి పెట్టుకోండి

ఫిర్యాదుదారుడికి మూడు రకాల సమాచారం ఉంటుంది: స్వయంగా చూసినది, మరొకరు చెప్పగా విన్నది, ఈ రెండింటి నుంచి ఊహించినది. ఈ మూడూ కలిపి ఒకే పేరాలో రాస్తే విచారణ అధికారి మూడింటినీ ఊహగానే తీసుకుంటారు. ఒక నోటుపుస్తకంలో తేదీ వేసి, చూసినదాన్ని ఒక చోట, విన్నదాన్ని ఎవరు చెప్పారో సహా మరో చోట రాయండి. ఊహను ఫిర్యాదులో రాయనవసరమే లేదు. ఉదాహరణకు "మా తరగతిలో సగంమంది బోగస్" అన్నది ఊహ. "బీఎస్సీ రెండో సంవత్సరం ఎంపీసీ విభాగంలో జులై నుంచి అక్టోబరు వరకు నేను హాజరైన ఏ రోజునా 14 మందికి మించి విద్యార్థులు రాలేదు, హాజరు పట్టీలో 52 పేర్లు పిలిచేవారు" అన్నది చూసిన విషయం. రెండో వాక్యంలో అవినీతి అన్న పదమే లేకపోయినా, తనిఖీకి ఏం చూడాలో అందులో ఉంది: హాజరు పట్టీ, ప్రాక్టికల్ రికార్డులు, ఇంటర్నల్ పరీక్షల జవాబు పత్రాలు. హాజరు పట్టీని ఒక్క రాత్రిలో నింపవచ్చు గాని 38 మంది చేతిరాతతో జవాబు పత్రాలు పుట్టించడం అంత తేలిక కాదు, అందుకే వాటిని పరిశీలించమని ఫిర్యాదులోనే కోరండి.

దాచుకోవలసిన కాగితాలు ఫీజు రసీదులు, బోనఫైడ్, టీసీ నకళ్లు, దరఖాస్తు ప్రింటు, బ్యాంకు స్టేట్‌మెంటు, కళాశాల వాట్సాప్ గ్రూపులో వచ్చిన సందేశాలు. వాట్సాప్ సందేశాలను స్క్రీన్‌షాట్ తీసినంత మాత్రాన సరిపోదు. సందేశం వచ్చిన ఫోన్‌ను, అందులోని అసలు సందేశాన్ని చెరపకుండా ఉంచండి. కేసు న్యాయస్థానానికి వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జతచేయాలి, అప్పుడు ఆ ఫోన్ అవసరం పడుతుంది.

చేయకూడనివి కూడా ఉన్నాయి. కళాశాల లాగిన్ పాస్‌వర్డ్ మీకు తెలిసినా దానితో పోర్టల్‌లోకి వెళ్లకండి, కార్యాలయం బీరువాలోని రిజిస్టరు తీసుకురాకండి, తోటి విద్యార్థుల ఆధార్ నంబర్లూ కుల ధ్రువపత్రాలూ సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. కళాశాల గుమస్తాగా మీరు రోజూ చూసే రికార్డు అయినా, ఎక్కడుందో ఫిర్యాదులో చెప్పడం వేరు, దాన్ని ఇంటికి తెచ్చుకోవడం వేరు. రెండోది చేస్తే విచారణ మీ మీదికే మళ్లే ప్రమాదం ఉంది.

నాలుగో పని: అవసరమైతే సమాచార హక్కు దరఖాస్తు

ప్రైవేటు కళాశాల సమాచార హక్కు చట్టం కిందికి రాదని చాలామంది అక్కడితో ఆగిపోతారు. కళాశాల ఇవ్వకపోయినా, దానికి సొమ్ము విడుదల చేసిన శాఖ ఇవ్వాలి. జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేయవచ్చు. మండల స్థాయి కార్యాలయమైతే 5 రూపాయలు, గ్రామ స్థాయిలో రుసుము లేదు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మరో 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, ఆపైన రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు.

లబ్ధిదారుల పేర్లు, ఆధార్, ఖాతా నంబర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు, ఆ తిరస్కరణ సబబే. మీకు కావలసింది పేర్లు కాదు, లెక్కలు. ఫలానా కళాశాలలో ఫలానా విద్యా సంవత్సరానికి కోర్సులవారీగా, సంవత్సరాలవారీగా ఎంతమందికి మంజూరైంది, ఎంత మొత్తం ఏ తేదీల్లో విడుదలైంది, ఆ కళాశాలను శాఖ చివరిసారి ఏ తేదీన తనిఖీ చేసింది, ఆ తనిఖీ నివేదిక నకలు: ఈ నాలుగు అడిగితే చాలు. మీరు తరగతిలో చూసిన సంఖ్యకూ ఈ జవాబులోని సంఖ్యకూ ఉన్న తేడాయే మీ ఫిర్యాదుకు బలం. అయితే ఈ దరఖాస్తు వేయడంతోనే మీరు ఎవరో కార్యాలయానికి తెలుస్తుందన్నది గుర్తుంచుకోండి. మీ భద్రత గురించి బెంగ ఉంటే ఈ మెట్టు వదిలేసి నేరుగా తరువాతి దానికి వెళ్లవచ్చు.

ఐదో పని: ఎవరికి ఇవ్వాలి

కళాశాలలోని స్కాలర్‌షిప్ విభాగం మీద అనుమానం ఉన్నప్పుడు ఆ విభాగానికే ముందు రాయండని కొందరు సలహా ఇస్తారు. గుమస్తా స్థాయిలో పొరపాటు అనిపిస్తే ప్రిన్సిపాల్‌కు రాయడంలో తప్పులేదు. కాని దరఖాస్తులను ధ్రువీకరించేది ప్రిన్సిపాలే కనుక, బోగస్ పేర్ల వ్యవహారమైతే అక్కడ రాయడం ముందస్తు హెచ్చరిక ఇవ్వడమే అవుతుంది.

సొమ్ము మంజూరు చేసిన శాఖ జిల్లా అధికారే మీ మొదటి గడప. తెలంగాణలో ఎస్సీ విద్యార్థులకు జిల్లా షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి అధికారి, బీసీలకు జిల్లా వెనుకబడిన తరగతుల అభివృద్ధి అధికారి, గిరిజన, మైనారిటీ విద్యార్థులకు ఆయా సంక్షేమ శాఖల జిల్లా అధికారులు ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ సాంఘిక సంక్షేమ, బీసీ సంక్షేమ, గిరిజన, మైనారిటీ శాఖలు విడివిడిగా ఉన్నాయి. ఒకే కళాశాలలో అన్ని వర్గాల విద్యార్థుల పేరిట మోసం జరుగుతోందనుకుంటే నాలుగు కార్యాలయాల చుట్టూ తిరగకుండా జిల్లా కలెక్టరుకే ఇవ్వండి. తెలంగాణలో సోమవారం ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఇందుకు అనువైనవి. అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది, ఏ శాఖకు పంపారో తెలుస్తుంది.

ఉద్యోగి లంచం అడిగితే, లేదా తనిఖీ అధికారి వాటా తీసుకుని కళ్లు మూసుకుంటున్నారని తెలిస్తే సంబంధిత శాఖకు కాక అవినీతి నిరోధక శాఖకు చెప్పాలి, టోల్‌ఫ్రీ నంబరు 1064. డబ్బు ఇవ్వకముందే చెబితే వారు వల పన్నే వీలుంటుంది. బలవంతం మీద ఇచ్చేసినా, ఇచ్చిన 7 రోజుల్లోగా అధికారులకు తెలియజేసినవారికి అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. ఆ గడువు దాటితే, 2018 సవరణ తరువాత, లంచం ఇవ్వడం కూడా నేరమే. ఈ ఒక్క గడువును మాత్రం వాయిదా వేయవద్దు.

ఫోర్జరీ, సంతకాల అనుకరణ, మీ పేరిట ఖాతా తెరవడం వంటివి పోలీసులకు చెప్పవలసినవి. 2024 జులై 1 తరువాత జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది, మోసానికి 318వ సెక్షన్, ఫోర్జరీకి 336వ సెక్షన్ ఉన్నాయి. అంతకు ముందు సంవత్సరాల సొమ్ము విషయమైతే పాత శిక్షాస్మృతి కిందే కేసు పెడతారు. ఏ సెక్షనో ఎంచుకునే బాధ్యత మీది కాదు, జరిగినది రాస్తే చాలు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇచ్చి జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించవచ్చు, ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఠాణాలో తీసుకోకపోతే అదే విషయాన్ని రాతపూర్వకంగా ఎస్పీకి తపాలా ద్వారా పంపండి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టును ఆశ్రయించవచ్చు.

"మీ స్కాలర్‌షిప్ మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అంటూ వచ్చే ఫోన్లు ఇంకో రకం మోసం. డబ్బు పోయిన వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్మును ఖాతాలో నిలిపివేయించే అవకాశం తగ్గుతుంది. కేంద్ర పథకాల విషయంలో జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోని ఫిర్యాదుల విభాగంతో పాటు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉంది, అక్కడ పరిష్కారానికి 21 రోజుల గడువు పెట్టుకున్నారు. తప్పుడు ఆదాయ లేదా కుల ధ్రువపత్రం గురించైతే ఒక ప్రతి తహసీల్దారుకూ కలెక్టరుకూ చేరాలి, పత్రాన్ని రద్దు చేయగలిగేది రెవెన్యూ శాఖే.

ఆరో పని: ఫిర్యాదు రాయడం

ఒక పేజీ, గట్టిగా రెండు పేజీలు. దిగువ నమూనాలో వివరాలన్నీ ఊహించి రాసినవే, మీ వివరాలతో మార్చుకోండి.

*జిల్లా కలెక్టరు గారికి,*

*విషయం: ........ కళాశాలలో చదువు మానేసిన విద్యార్థి పేరు మీద ఫీజు రీయింబర్స్‌మెంట్ పొందినట్టు కనిపిస్తున్న విషయమై తనిఖీకి వినతి.*

*అయ్యా, నేను 2022-23లో పై కళాశాలలో బీకాం మొదటి సంవత్సరంలో చేరి, 2023 జూన్‌లో చదువు మానేశాను. ఆ నెలలోనే టీసీ కోసం దరఖాస్తు ఇచ్చాను (నకలు 1). రెండో సంవత్సరంలో ఒక్క రోజు కూడా తరగతికి వెళ్లలేదు, పరీక్ష ఫీజు కట్టలేదు. అయితే పోర్టల్‌లో నా పేరు మీద 2023-24 సంవత్సరానికి రెన్యువల్ నమోదై, ట్యూషన్ ఫీజు విడుదలైనట్టు చూపుతోంది (నకలు 2, తేదీతో). ఆ దరఖాస్తు మీద నేను సంతకం చేయలేదు. నాతోపాటు మానేసిన మరో ఇద్దరు తమ పేర్ల మీద కూడా ఇలాగే ఉందని నాకు చెప్పారు, వారి స్టేటస్ నేను స్వయంగా చూడలేదు. రెన్యువల్ దరఖాస్తు, హాజరు పట్టీ, ఇంటర్నల్ పరీక్షల జవాబు పత్రాలు తనిఖీ చేయించి, తీసుకున్న చర్యను నాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. నా పేరు, చిరునామా గోప్యంగా ఉంచవలసిందిగా మనవి.*

ఇందులో ఎవరినీ దొంగ అనలేదని గమనించండి. "పొందినట్టు కనిపిస్తున్న" అన్న మాట భయంతో రాసింది కాదు, మీకు తెలిసినంతే రాశారన్నదానికి అది గుర్తు. తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద నేరం. నిజాయితీగా చూసింది రాసి, విచారణలో అది మరోలా తేలితే ఆ సెక్షన్ వర్తించదు. కళాశాలపై కోపం, లెక్చరర్లతో గొడవలు, యాజమాన్యం రాజకీయాలు ఈ కాగితంలోకి రానివ్వకండి.

అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి, నకళ్లే జతచేయండి. స్వయంగా ఇస్తే మీ ప్రతి మీద కార్యాలయం ముద్ర, ఇన్‌వార్డ్ నంబరు, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి గుమస్తా సందేహిస్తే అక్కడ వాదించకుండా అదే రోజు స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి.

పేరు చెప్పాలా, వద్దా

అసలు పేరు లేని ఫిర్యాదును చాలా కార్యాలయాలు పక్కన పెడతాయి, కేంద్ర నిఘా సంఘమైతే (సీవీసీ) స్వీకరించనే స్వీకరించదు. పేరు చెప్పి గోప్యంగా ఉంచమనడం, పేరే చెప్పకపోవడం ఒకటి కాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి కేంద్ర సంస్థల ఉద్యోగుల మీదైతే 2004 నాటి ప్రజాహిత వెల్లడి తీర్మానం కింద, కవరు మీద ఆ తీర్మానం కింద ఇస్తున్న ఫిర్యాదు అని రాసి, పేరు చిరునామా లోపలి కాగితంలో మాత్రమే పెట్టి నిఘా సంఘం కార్యదర్శికి మూసిన కవరులో పంపే పద్ధతి ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకూ ప్రైవేటు కళాశాలలకూ అది వర్తించదు. పార్లమెంటు 2014లో చేసిన ఫిర్యాదుదారుల రక్షణ చట్టం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. కనుక ప్రస్తుతం చదువుతున్న విద్యార్థి ఒంటరిగా ముందుకు రావడం కంటే, నలుగురైదుగురు కలిసి సంతకాలు చేయడం, లేదా తల్లిదండ్రుల పేరుతో ఇవ్వడం, లేదా విద్యార్థి సంఘం లెటర్‌హెడ్ మీద ఇప్పించడం మేలు. తరగతి మొత్తంలో మీ ఒక్కరికే తెలిసే వివరం ఏదైనా ఉంటే, పేరు దాచినా అది మిమ్మల్ని పట్టిస్తుంది. దాన్ని కాగితంలో రాయకుండా విచారణ అధికారికి నోటిమాటగా చెప్పండి.

ఇచ్చిన తరువాత

నెల రోజులు ఆగి, అర్జీ నంబరుతో ఏమైందో రాతపూర్వకంగా అడగండి. జవాబు లేకపోతే మీ అర్జీ మీద తీసుకున్న చర్య, దాని మీద అధికారులు రాసుకున్న నోట్ ఫైలు నకలు కోరుతూ సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఆగిపోయిన ఫైలు కదలడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు. ఎఫ్‌ఐఆర్ నమోదై ఉంటే దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లోగా మీకు తెలియజేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. విచారణకు పిలిస్తే వెళ్లండి, మీ వాంగ్మూలం చదివి, మీరు చెప్పినట్టే ఉంటేనే సంతకం చేయండి. తప్పుంటే దిద్దించండి. కళాశాల వారు రాజీకి పిలిచి "మీ డబ్బు ఇచ్చేస్తాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి" అంటే, మీకు రావలసింది ఖాతా ద్వారా తీసుకోవచ్చు గాని, ఫిర్యాదు అబద్ధమని రాసిచ్చే కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

మీరే అందులో చిక్కుకుని ఉంటే

"నీ పేరు ఇస్తే చాలు, మెస్ ఛార్జీలు నీవే, ఫీజు మాది" అన్న మాట నమ్మి వేలిముద్ర వేసిన పిల్లలు ఉన్నారు. వాళ్లలో చాలామంది తరువాత వేరే కళాశాలలో నిజంగా చేరబోయినప్పుడు, తమ పేరు మీద అప్పటికే ఒక దరఖాస్తు నడుస్తోందని తెలిసి చిక్కుల్లో పడతారు. ఇటువంటి స్థితిలో మౌనంగా ఉండటం వల్ల లాభం లేదు, ప్రతి రెన్యువల్‌తోనూ మీ పేరు మీద సొమ్ము పెరుగుతూనే ఉంటుంది. ముందుగా ఒక న్యాయవాదిని కలవండి. ఖర్చు భరించలేనివారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. ఆ సలహాతో జిల్లా సంక్షేమ అధికారికి మీ పేరు మీది దరఖాస్తును రద్దు చేయమని రాతపూర్వకంగా కోరండి, మీ ఖాతాలో పడిన సొమ్ము ఎంతో చెప్పి, తిరిగి చెల్లించడానికి సిద్ధమని అందులోనే రాయండి. ఆ సొమ్మును కళాశాల ప్రతినిధి చేతికో, దళారీ చేతికో నగదుగా ఇవ్వకండి. ప్రభుత్వ ఖాతాకు చలానా ద్వారా ఎలా జమ చేయాలో అధికారినే రాసిమ్మనండి, ఆ చలానా ప్రతినీ, రద్దు కోరిన కాగితం మీద పడిన ఇన్‌వార్డ్ నంబరునూ కలిపి ఒకే చోట పెట్టుకోండి.